వైనో చూపించిన సున్నా

మా తమ్ముడు వైనో ఎవరింటికి బాయిలర్ బాగుచెయ్యడానికి వెళ్ళినా ముందు క్షమాపణ చెప్పేవాడు. ఆలస్యమైనందుకు, బూట్లతో మంచు లోపలికి తెచ్చినందుకు, ఆ ఇంటి కుక్క తనని చూసి మొరిగినందుకు. మొరిగింది కుక్క, క్షమాపణ వీడిది. ఆఖరికి బాయిలర్‌ని కూడా వదిలేవాడు కాదు. బిగుసుకుపోయిన బోల్టుని సుత్తితో కొట్టేముందు దానికేదో సర్దిచెబుతున్నట్టు గొణుక్కునేవాడు. నీ తప్పు కానివాటికి ఇలా వంగి వంగి దండాలు పెడుతుంటే, నిజంగా తప్పు చేసిన రోజున ఏం చేస్తావురా అని తిట్టేదాన్ని. నవ్వి ఊరుకునేవాడు. ఆ రోజు రానే వచ్చింది. అప్పుడు వాడు పడ్డ యాతన పక్కనుండి చూశాను గనక ఇది రాస్తున్నాను.

నా పేరు లెంపి. మినెసోటా ఇనపగనుల ఊళ్ళలో మాది ఒకటి. పెద్ద వీధిలో ఉన్న హీటింగ్ సామాన్ల కొట్టులో కౌంటరు వెనక నిలబడే నా జుట్టు నెరిసింది. చుట్టుపక్కల ఊళ్ళ మెకానిక్కులందరూ నా దగ్గరికి రావలసిందే. ఎవడు శ్రద్ధగా పనిచేస్తాడో, ఎవడు టేపు చుట్టి చేతులు దులుపుకుంటాడో, వాడు కొనే సామాను చూసి చెప్పగలను. మావైపు చలికాలంలో ఇల్లు వెచ్చబెట్టే బాయిలర్ రాత్రి ఆగితే పొద్దుటికి నీళ్ళ గొట్టాలు పగులుతాయి. అందుకని ఊళ్ళో డాక్టరుకెంత మర్యాదో వైనోకీ అంత మర్యాద ఉండేది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదురా అంటే దానికీ "సారీ అక్కా" అనేవాడు.

ఇళ్ళల్లో గోడకి తగిలించే విషవాయువు అలారాలు ఇంకా రాని రోజులవి. బాయిలర్ మంట సరిగ్గా మండుతోందో లేదో తెలుసుకోవడానికి మావాళ్ళ దగ్గర ఎర్రటి ద్రావకం పోసిన సీసా ఒకటుండేది. చిమ్నీ గొట్టంలోంచి పొగ దాంట్లోకి పీల్చి, తలకిందులు చేసి ఊపి, ద్రావకం ఎంత పైకొచ్చిందో చూసేవాళ్ళు. మంట సంగతి కొంత తెలిసేదే గాని, మనిషిని చంపే కార్బన్ మోనాక్సైడ్ ఉందో లేదో ఆ సీసా చెప్పేది కాదు. తరవాత కరెంటు ఎనలైజర్లు వచ్చాయి. చిన్న గొట్టం ఒకటి చిమ్నీలోకి దూర్చితే చాలు, పొగలో ఏముందో, ఎంతుందో అంకెల్లో చూపించేస్తాయి. మెకానిక్కులు వచ్చి కేటలాగు తిరగేసి, ఏది తేలిక, దేనికి బొత్తాలు ఎక్కువ అని అడిగేవాళ్ళు. నాకు ఒళ్ళు మండేది. ఒరే నాయనా, బొత్తాలు కాదు చూడవలసింది. లోపలి సెన్సరు కొన్నాళ్ళకి చచ్చిపోతుంది, అప్పుడు దాన్ని మార్చి సరిచూసే దిక్కెవరున్నారో చూడు. పొగలోని తడిని పట్టే బుడ్డిని గ్లవుజు తియ్యకుండా విప్పగలవో లేదో చూడు. చీకటి సెల్లార్‌లో అంకె కనపడుతుందో లేదో చూడు. ఇలా ఒక్కొక్కడికీ నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పేదాన్ని.

వైనో అందరికంటే ఎక్కువ కాలం తేల్చుకోలేకపోయాడు. మధ్యాహ్నం కొట్టుకి వచ్చి, ఒక చేత్తో మాంసం కూరిన రొట్టె, పాస్టీ అంటాం, అది తింటూ, రెండో చేత్తో ఒక్కో మిషనూ ఎత్తి చూసేవాడు. చివరికి అంకెలు పెద్దగా కనిపించేది ఎంచుకున్నాడు. చలికి మిషన్ మొండికేస్తుందని దాన్ని కోటు లోపల గుండెకి ఆనించి పట్టుకు తిరిగేవాడు. పెళ్ళి లేకుండానే బిడ్డని ఎత్తావురా అని నేను వేళాకోళం చేస్తే చెవులు ఎర్రబడేవి.

ఈ మిషన్‌కి ఒక నియమం ఉంది. ఇది నేను అమ్మిన ప్రతివాడికీ చెప్పాను. ఆన్ చెయ్యగానే అది కాసేపు ఊపిరి పీల్చుకుంటుంది. ఆ కాసేపు ఏ గాలి పీలిస్తే అదే మంచి గాలి అనుకుంటుంది. దాన్ని సున్నాగా పెట్టుకుని, తరవాత చూసినదంతా ఆ సున్నా మీంచే లెక్క వేస్తుంది. అందుకని బయట, మంచి గాలిలో నిలబడి ఆన్ చెయ్యాలి. ఆన్ చేసుకున్నాకే ఇంట్లోకి తీసుకెళ్ళాలి. మావాళ్ళకి ఇది గిట్టదు. ఉమ్మితే గడ్డకట్టే చలిలో ఊరికే మిషన్ పట్టుకుని నిలబడటం ఎవరిక్కావాలి? అందరూ తల ఊపేవాళ్ళు. ఎవడు మాట వింటాడో, ఎవడు వినడో ఆ ఊపులోనే తెలిసిపోయేది. వైనో ఊపిన ఊపు మాత్రం నేను నమ్మాను.

ఇక రూడీ సంగతి. రూడీ మా ఊరి మంగలి. స్లోవేనియా వాళ్ళ కుర్రాడు, మా వైనోతో బడిలో ఒకే బల్ల మీద కూచుని చదివినవాడు. వయసులో ఉండగా తాగేవాడు. ఎంతలా అంటే, ఒక శీతాకాలం జోయన్ వాణ్ణి మంచులోంచి ఈడ్చుకొచ్చి బతికించింది. జోయన్ వాడి భార్య. ఆ దెబ్బతో మానేశాడు. అందరూ మానేస్తామంటారు, రూడీ నిజంగా మానేశాడు. ఏళ్ళ తరబడి చుక్క ముట్టలేదు. వాడి దుకాణంలో కుర్చీలో కూచుంటే కత్తి వెంట్రుకవాసి అటూ ఇటూ జరిగేది కాదు.

వాళ్ళు కొనుక్కున్నది మాలాంటి ఫిన్లాండు వాళ్ళెవరిదో పాత ఇల్లు. సెల్లార్‌లో కట్టెల పొయ్యి ఉన్న సౌనా ఉంది. పొయ్యి మీది రాళ్ళు కాల్చి, నీళ్ళు చల్లి, ఆ ఆవిరిలో చెమటలు కక్కుతూ కూచోకపోతే మాకు శనివారం శనివారమే కాదు. జోయన్‌కి ఆ వేడి పడదు. రూడీ ఒక్కడే కూచుని, తరవాత పక్కనున్న బట్టలు మార్చుకునే గదిలో మడతమంచం మీద పడి నిద్రపోయేవాడు. బాయిలర్ ఉన్నదీ ఆ గోడ అవతలే. ఆ ఏడు చలికి ముందు వాడు సెల్లార్‌కి కొత్త కిటికీలు పెట్టించాడు. సందు అన్నది లేకుండా, చీమ దూరకుండా బిగించారు. ఎంత వెచ్చగా ఉందో చూడండని వచ్చినవాళ్ళందరికీ చూపించాడు.

తరవాత నుంచి ఆదివారాలు మొదలయ్యాయి. చర్చి మెట్ల మీద తూలేవాడు. మొహం కందగడ్డలా ఉండేది. ప్రార్థన పాటలో మాటలు మర్చిపోయి నోరు మాత్రం ఆడించేవాడు. సోమవారం దుకాణంలో చెయ్యి వణికేది. ఒక సోమవారం పోస్టుమాస్టర్ చెవి తెగింది. పెద్ద గాయమేం కాదు, కాని తెల్లటి గుడ్డ మీద నెత్తురు అందరూ చూశారు. మా ఊళ్ళో మొహం మీద ఎవరూ ఏమీ అనరు, రావడం మానేస్తారంతే. జుట్టు కత్తిరించుకోవడానికి పక్కూరు పోయి, ఎలక కొరికిన తలలతో తిరిగొచ్చేవాళ్ళు. రూడీ మళ్ళీ మొదలెట్టాడని ఊరంతా గుసగుసలాడింది. నేనూ అలాగే అనుకున్నాను. పాపం జోయన్ అని కూడా అన్నాను.

రూడీ మాత్రం ముట్టలేదని ఒట్లు వేశాడు. వెనకటి రోజుల్లో కూడా ఇలాగే ఒట్లు వేసేవాడు గనక జోయన్‌కి అవి కొత్త కాదు. రక్తం తీయించుకుంటానన్నాడు. సోమవారం డాక్టరు దగ్గరికి పోయేసరికి శనివారం తాగింది ఏం మిగులుతుంది, నాకు తెలియని నాటకాలా అంది ఆవిడ. ఆవిడకీ తలనొప్పులు పట్టుకున్నాయి. వీడి వల్లే అనుకుంది. అప్పుడు రూడీ ఎక్కడో విన్న మాట పట్టుకున్నాడు. బాయిలర్ పొగ ఇంట్లోకొస్తే మనిషి తాగినట్టు అవుతాడట, అదేనేమో, వైనోని పిలిపిద్దాం అన్నాడు. సరేనంది జోయన్. వైనో అబద్ధం చెప్పడు. బాయిలర్‌లో దోషం ఉందంటే నీ కాళ్ళ మీద పడి క్షమించమంటాను. లేదంటే తాగుతున్నానని ఒప్పుకుని ఆసుపత్రిలో చేరు, చేరకపోతే నేను డులూత్‌లో మా అక్క దగ్గరికి పోతాను. ఇదీ జోయన్ పెట్టిన ఒప్పందం. అంటే రూడీ సంసారం అంతా ఇక మా తమ్ముడి చేతిలో ఉన్న ఆ మిషన్ మీద ఆధారపడింది. ఇది వైనోకి తెలుసు. జోయనే ఫోన్ చేసి చెప్పింది.

వైనో వెళ్ళింది శనివారం మధ్యాహ్నం. ఆ చలి గురించి చెప్పక్కర్లేదు, ముక్కులో వెంట్రుకలు కూడా గడ్డకట్టే చలి. అంతకుముందే రెండు ఇళ్ళ కప్పులెక్కి చిమ్నీల్లో మంచు కొట్టి వచ్చాడు, వేళ్ళు కొయ్యబారిపోయాయి. శనివారం గడప తొక్కిన మనిషికి సౌనా పెట్టకపోతే మాలో తప్పు గనక, రూడీ ఆ సరికే పొయ్యి వెలిగించి ఉంచాడు. వైనో వచ్చినవాడు వచ్చినట్టే కిందికి దిగిపోయాడు. వెచ్చగా ఉంది గదా అని మడతమంచం మీద కూచుని, వేళ్ళు కాచుకుంటూ, మిషన్‌ని అక్కడే ఆన్ చేశాడు. అది ఆ గాలి పీల్చుకుంది. తరవాత గదిలో చూశాడు, సున్నా. బాయిలర్ పొగలో చూశాడు, పరవాలేదనిపించే అంకె. వెనకటి రోజుల్లోనైతే బాయిలర్ నెత్తిన అగ్గిపుల్ల వెలిగించి, మంట చిమ్నీ వైపు వాలుతోందా, మన వైపు వాలుతోందా అని చూసేవాడు. మిషన్ వచ్చాక అగ్గిపెట్టె ఇంట్లో వదిలేశాడు.

పైకొస్తే వంటింట్లో కాఫీ, అక్రోటు గింజల పొటీకా రొట్టె పెట్టుకుని ఇద్దరూ వాడి మొహంలోకే చూస్తూ కూచున్నారు. బాయిలర్ బాగుందని చెప్పాడు వైనో. ఇంకోసారి చూడరా అని రూడీ బతిమాలాడట. చూశానురా అన్నాడట వీడు, వాడి కళ్ళలోకి చూడకుండా. తాగనిది ఎలా ఒప్పుకోనని రూడీ మొండికేశాడు, మర్నాడు పొద్దున్నే జోయన్ పెట్టె సర్దుకుని వెళ్ళిపోయింది. వెళ్ళిన రెండో రోజుకే ఆవిడ తలనొప్పి పోయింది. చూశావా, వాడి నుంచి దూరమైతే ఎంత హాయిగా ఉందో అని వాళ్ళక్క అందట.

ఇదంతా నాకు ఒకేసారి తెలియలేదు. కొన్ని వారాలు గడిచాక వైనో ఎనలైజర్ పట్టుకుని కొట్టుకి వచ్చాడు. ఏడాదికోసారి దాన్ని కంపెనీకి పంపి సరిచూపించాలి, ఆ గడువు వచ్చింది. నేను అట్టపెట్టె వెతుకుతుంటే, చలికి కూడా ఏదో తేడా చేస్తోందక్కా, అదీ చూడమని రాయి అన్నాడు. ఏం తేడా అంటే, ఒకసారి ట్రక్కు దగ్గరికొచ్చి ఆపబోతుంటే అంకె ముందు అడ్డగీత కనిపించిందట. సున్నాకన్నా కిందికి పోయిందట. గాలిలో విషం లేకపోతే సున్నా, లేనిదానికన్నా తక్కువ ఎలా ఉంటుందిరా అని నవ్వాను. అందుకే పాడైందంటున్నా అన్నాడు.

నేను ఊరుకునే రకాన్ని కాదు. మిషన్‌ని వెనక తలుపు బయటికి తీసుకెళ్ళి, మంచులో నిలబడి ఆన్ చేసి చూశాను. దివ్యంగా ఉంది. లోపలికి తెచ్చాను, అప్పుడూ దివ్యంగానే ఉంది. చలికి దానికేమీ కాలేదు. అప్పుడు నాకు అనుమానం వచ్చింది.

"గీత పడిన రోజున దీన్ని ఎక్కడ ఆన్ చేశావురా?"

వైనో చేతిలోని పాస్టీ వైపు చూశాడు. "రూడీ ఇంట్లో."

"ఇంట్లో అంటే? గుమ్మం బయటా?"

"కింద. సౌనా పక్క గదిలో."

నేనేమీ చెప్పక్కర్లేకపోయింది. వాడికే అర్థమైపోయింది. ఆ గదిలో గాలి అప్పటికే చెడిపోయి ఉంది. మిషన్ దాన్నే మంచి గాలి అనుకుని సున్నా పెట్టుకుంది. అందుకే గదంతా సున్నా చూపించింది. పొగలో ఉన్న విషంలోంచీ అంత మేర కోసేసింది. బయట నిజమైన మంచి గాలి తగిలేసరికి, ఇది నా సున్నాకన్నా బాగుందే అని గీత పెట్టి మరీ చెప్పింది. ఆ గీత వాడు కళ్ళారా చూశాడు. చలికి అనుకుని ఆపేసి జేబులో వేసుకున్నాడు.

గొట్టాల అట్టపెట్టె మీద కూలబడ్డాడు వైనో. తరవాత అన్న మాట నేను మర్చిపోలేను.

"అక్కా, నేను చూడ్డానికి వెళ్ళలేదే. తలుపు తియ్యగానే వాడి ఒంటి మీద స్పిరిట్ వాసన వేసింది. మంగలి కదా, చేతులకి రాసుకునే లోషన్ వాసన అది. బడినాటి నుంచి వాడి దగ్గర నాకు తెలిసిన వాసనే. అయినా తాగాడనే అనుకున్నా. ఇంక మిషన్ ఎక్కడ ఆన్ చేస్తే ఏంటిలే అనిపించింది."

నాకు కోపం ఆగలేదు. అంకె తప్పు చూపించిందంటే మిషన్‌ని తిట్టొచ్చు, నువ్వు ముందే తీర్పు చెప్పేసుకుని వెళితే అదేం చేస్తుందిరా అని కడిగేశాను. ఊరంతా తాగుబోతన్నా వాడికి నువ్వొక్కడివి మిగిలావు గదరా అన్నాను. అనేశాక నాలిక కరుచుకున్నాను. ఊరంతా అన్నప్పుడు ఆ ఊళ్ళో నేనూ ఉన్నాను గదా. వాడు అన్నీ పడ్డాడు. శనివారం వెళ్ళి, సౌనా వెలిగించి, సరిగ్గా ఇంకోసారి చూసి, రూఢి చేసుకుని అప్పుడు చెబుతానన్నాడు. చెప్పడానికి మొహం చెల్లక అలా అంటున్నాడని నాకు తెలుస్తూనే ఉంది.

"శనివారం దాకా వాడు బతికుండాలి కదరా," అన్నాను.

ఫోన్ చేస్తే రూడీ ఎత్తలేదు. కొట్టుకి తాళం వేసి, వాణ్ణి ట్రక్కు ఎక్కించి, నేనూ ఎక్కాను. దారి పొడుగునా వైనో అదే పనిగా పెదవులు కదుపుతున్నాడు. ఏమని చెప్పాలో మాటలు కూర్చుకుంటున్నాడనుకున్నాను. మంగలి దుకాణం ముందునుంచే వెళ్ళాం. తలుపు మూసి ఉంది, గుమ్మం ముందు మంచు ఎవరూ తొక్కలేదు.

ఇంటి తలుపు రూడీయే తీశాడు. బతికున్నాడు, అమ్మయ్య అనుకున్నాను. గడ్డం మాసిపోయి ఉంది. ఊరందరికీ గడ్డాలు గీసే మనిషి గడ్డం అలా ఉండటం నేనెప్పుడూ చూడలేదు. లోపలికి రమ్మన్నాడు. వైనో కదల్లేదు. మెట్ల మీద నిలబడే కోటులోంచి మిషన్ తీసి ఆన్ చేసి, గాలిలోకి పట్టుకున్నాడు. గ్లవుజులు లేవు.

"చలికి చస్తావు, లోపలికి రా," అన్నాడు రూడీ.

"కాసేపు ఇక్కడే ఉండాలిరా."

"ఆ రోజు ఉండలేదుగా."

"ఉండలేదు. అదే నేను చేసిన తప్పు," అన్నాడు వైనో. దారంతా కూర్చుకున్న మాటలన్నీ ఎటు పోయాయో, అదొక్కటే వచ్చింది.

కిందికి దిగాం. వైనో సౌనా పొయ్యి రాజేశాడు, బాయిలర్ మంట పెంచాడు, కిటికీలు మూసే ఉంచాడు. కాసేపటికి కట్టెలు భగభగ అందుకున్నాయి. ఆ పొయ్యికి గాలి కావాలి. కిటికీ సందులు మూసేశాక గాలి ఎక్కణ్ణించి వస్తుంది? బాయిలర్ చిమ్నీలోంచే కిందికి లాక్కోవడం మొదలెట్టింది. పైకి పోవలసిన పొగ గదిలోకి తిరగబడింది. వైనో నా దగ్గర అగ్గిపెట్టె అడిగి తీసుకుని, పుల్ల గీసి బాయిలర్ నెత్తిన పట్టుకున్నాడు. మంట మా ముగ్గురి వైపు వాలింది. మిషన్ మీద అంకె ఎక్కుతూ పోయింది. ఆ అంకెల అర్థం తెలుసు గనక నేను మెట్ల వైపు జరిగాను. రూడీ అంకె వైపు చూడలేదు, ఆ అగ్గిపుల్ల ఆరేదాకా దాన్నే చూశాడు.

వెంటనే పొయ్యి ఆర్పి, కిటికీలన్నీ బార్లా తెరిచి, పైకొచ్చి వంటింట్లో కోట్లు విప్పకుండానే కూచున్నాం. మిషన్ ఎక్కడ ఆన్ చేశాడో, గీత ఎప్పుడు పడిందో, ఎందుకు పట్టించుకోలేదో వైనో మొత్తం చెప్పాడు. లోషన్ వాసన సంగతి కూడా దాచలేదు. రూడీ అడ్డు రాకుండా విన్నాడు. తరవాత కోర్టులో సాక్షిని అడిగినట్టు ఒక్కొక్కటే అడగడం మొదలెట్టాడు.

"అయితే పోస్టుమాస్టర్ చెవి కోసిన రోజు నేను తాగలేదు."

"లేదు."

"క్రిస్మస్ ప్రార్థనలో బల్ల మీంచి పడిపోయినప్పుడు?"

"లేదురా. అదీ ఇదే."

"జోయన్ పుట్టినరోజు మర్చిపోయాను. పొద్దున చెప్పి సాయంత్రానికి మర్చిపోయాను."

"అదీ ఇదే. నువ్వు తాగలేదు."

"పోయిన ఆదివారం?"

"అదీ ఇదేరా..."

"కాదు," అన్నాడు రూడీ. "పోయిన ఆదివారం తాగాను."

రూడీ బల్ల మీద అరచెయ్యి ఆనించి, దాన్నే చూసుకుంటూ చెప్పుకొచ్చాడు. వైనో బాగుందని చెప్పాక మెల్లిమెల్లిగా తనకీ నమ్మకం కుదిరిందట. వైనో చెబితే ఇంక తిరుగేముంది. ఎప్పుడో తాగుతున్నాను, తాగి మర్చిపోతున్నాను కాబోలు అనుకున్నాడట. సీసా ఎక్కడో దాచే ఉంటానని ఇల్లంతా వెతికాడట. బీరువా వెనక, కట్టెల కుప్పలో, జోయన్ వదిలేసి వెళ్ళిన బట్టల మధ్య. వెనకటి రోజుల్లో ఎక్కడెక్కడ దాచేవాడో అన్నీ గుర్తు తెచ్చుకుని మరీ వెతికాడట.

"దొరకలేదు," అన్నాడు. "దొరక్కపోయేసరికి వెళ్ళి కొనుక్కొచ్చాను. ఎలాగూ తాగుబోతునే గదా అని. అప్పటినుంచీ తాగుతూనే ఉన్నాను."

వైనో రెండు చేతుల్లో మొహం పెట్టుకున్నాడు. కుక్క మొరిగినా క్షమాపణ చెప్పే మనిషికి ఆ మాట నోటికి రాలేదు. నేను వాడి భుజం మీద చెయ్యి వేశాను. చివరికి వాడే లేచి, గోడ మీద రాసి ఉన్న డులూత్ నంబరు చూసి ఫోన్ చేశాడు. జోయన్ పలికింది. వైనో నిటారుగా నిలబడి, బడిలో తప్పు ఒప్పుకునే పిల్లాడిలా చెప్పాడు. తన మాట తప్పని, బాయిలరే కారణమని, రూడీ ఇన్నాళ్ళూ ఒట్టేసి చెప్పినదంతా నిజమని. తరవాత ఆవిడేదో అడిగింది. వైనో రూడీ వైపు చూశాడు. ఒక్క అబద్ధం చెబితే ఆవిడ ఆ పూటే బయల్దేరి వచ్చేసేది. అది మా ముగ్గురికీ తెలుసు.

"ఇప్పుడు తాగుతున్నాడు జోయన్. పోయిన ఆదివారం నుంచి," అన్నాడు. "తాగించింది నేను."

రూడీ తల ఎత్తాడు. వాడి గొంతులో కోపం విన్నది అప్పుడే, మేం వచ్చాక మొదటిసారి.

"ఆ మాట అనకు వైనో. చెవి కోసిన తప్పూ, ప్రార్థనలో పడిపోయిన తప్పూ నీవే అనుకో, అన్నీ పట్టుకుపో, నాకేం అక్కర్లేదు. సీసా కొన్నది మాత్రం నేను. అదన్నా నాకు వదిలెయ్."

కిటికీలు తెరిచే ఉన్నాయి, వంటింట్లోకి మంచు ఎగిరొస్తోంది. వైనో రిసీవరు చెవికి ఆనించుకుని అలాగే నిలబడ్డాడు. రూడీ అన్నది అంత దూరానా వినపడే ఉంటుంది. జోయన్ ఇంకా ఫోన్ పెట్టెయ్యలేదు.